పాత కార్లో హీటర్ కోర్ లీక్: డాష్‌బోర్డ్ రెండోసారి విప్పే పని లేకుండా మార్చుకోవడం

హీటర్ వేసిన రెండు నిమిషాలకి కార్లో ఒకలాంటి తియ్యటి వాసన వస్తోందా, ముందు అద్దానికి లోపలివైపు ఎంత తుడిచినా పోని జిడ్డు పొర పడుతోందా, డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు కాళ్ళు పెట్టే చోట కార్పెట్ తడిగా ఉంటోందా? పైగా ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ రోజురోజుకీ తగ్గుతూ, కారు కింద నేల మీద మాత్రం చుక్క కనపడట్లేదా? అయితే మీ అనుమానం దాదాపు నిజమే, హీటర్ కోర్ పోయింది.

హీటర్ కోర్ అంటే చిన్న సైజు రేడియేటరే. డాష్‌బోర్డ్ వెనక ఒక ప్లాస్టిక్ డబ్బాలో కూర్చుని ఉంటుంది, ఇంజిన్ నుంచి వేడి కూలెంట్ ఒక గొట్టంలో వచ్చి దాంట్లో తిరిగి ఇంకో గొట్టంలోంచి వెనక్కి పోతుంది, బ్లోయర్ ఫ్యాన్ దాని మీదుగా గాలి కొడితే మనకి వెచ్చటి గాలి వస్తుంది. వస్తువు చూస్తే రెండు అరచేతులంత ఉంటుంది, కానీ దాన్ని బయటికి తియ్యాలంటే చాలా కార్లలో సగం డాష్‌బోర్డ్ ఊడదియ్యాలి. కొండని తవ్వి ఎలకని పట్టడం అంటే ఇదే. అందుకే మెకానిక్‌లు చాలామంది ఈ పని అంటే మొహం తిప్పుకుంటారు, తీసుకున్నా లేబరే ఎక్కువ చెప్తారు, పార్ట్ ఖర్చు అందులో చిన్న వాటానే.

నేను ఈ పని మూడు కార్లకి చేశాను, అందులో మొదటి కారుకి రెండుసార్లు చెయ్యాల్సొచ్చింది. డాష్‌బోర్డ్ మొత్తం బిగించి, ఆఖరి స్క్రూ కూడా పెట్టి, కూలెంట్ పోసి స్టార్ట్ చేస్తే పావుగంటలో మళ్ళీ అదే తియ్యటి వాసన. కోర్ కొత్తదే, బాగానే ఉంది, పైపు కలిసే దగ్గర ఓ-రింగ్ ఒక పక్క నలిగి తెగింది. ఓ-రింగ్ అంటే చిటికెన వేలుకి పట్టేంత రబ్బర్ ముక్క, దానికోసం రెండు రోజుల పని మళ్ళీ మొదటి నుంచి. ఈ పని ఎలా చెయ్యాలో కార్ మాన్యువల్‌లో ఉంటుంది, అందులో లేనిది రెండోసారి విప్పే అవసరం రాకుండా ఎలా చెయ్యాలనేది, నేను రాసేది ఎక్కువగా దాని గురించే.

ముందు లీక్ కోర్‌దేనా అని తేల్చుకోండి

కార్పెట్ తడిసిందంటే కోర్ ఒక్కటే కారణం కాదు. ఏసీ వాడే కారైతే గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ నీళ్ళు బయటికి పోయే సన్న గొట్టం మూసుకుపోయినా నీళ్ళు లోపలికే కారతాయి. ముందు అద్దం కింద ఉండే జాలీలో ఆకులు పేరుకుంటే వాన నీళ్ళూ అక్కడికే వస్తాయి. తేడా పట్టడం తేలిక, తెల్ల టిష్యూ పేపర్ ఒకటి తీసుకుని తడి మీద గట్టిగా అదిమి చూడండి. మామూలు నీళ్ళైతే రంగు ఉండదు, వాసన ఉండదు, ఆరిపోతే ఏమీ మిగలదు. కూలెంట్ అయితే పచ్చగానో గులాబీగానో నారింజగానో మరక పడుతుంది, వేళ్ళ మధ్య రుద్దితే జారుడుగా ఉంటుంది, ఆరడానికి చాలా టైమ్ తీసుకుంటుంది. నాలుక మీద పెట్టి చూడటం లాంటివి అస్సలు చెయ్యకండి, కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యటి విషం.

ఇంకా గట్టిగా తెలియాలంటే కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్టర్ కావాలి. చేత్తో కొట్టే చిన్న పంపు, దానికో మీటర్, రేడియేటర్ మూత స్థానంలో బిగించే అడాప్టర్, అంతే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక దాన్ని పెట్టి, మూత మీద రాసున్నంత ప్రెషర్ వరకే కొట్టండి, పాత కార్లలో చాలావాటికి అది 13 నుంచి 16 పిఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దగ్గర ఉంటుంది. ముల్లు మెల్లగా పడిపోతూ, ఇంజిన్ వైపు ఎక్కడా తడి లేకుండా, డాష్ కింద చెయ్యి పెడితే డబ్బా అడుగున చుక్కలు తగుల్తుంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఈ టెస్టర్ ఎలాగోలా సంపాదించండి, అద్దెకైనా అరువుకైనా సరే, ఎందుకంటే ఈ పనిలో దీంతో ఇంకోసారి అవసరం పడుతుంది, ఆ రెండోసారే చాలా ముఖ్యం.

ఒక్కటి గుర్తు పెట్టుకోండి. కూలెంట్ తగ్గుతూ సైలెన్సర్ నుంచి తెల్ల పొగ, తియ్యటి వాసన వస్తుంటే అది హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ, పైన ఉండే హెడ్‌కీ మధ్య సీల్) గొడవ కావొచ్చు. రెండూ ఒకేసారి కూడా ఉండొచ్చు. గాస్కెట్ పోయి సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి దూరితే ప్రెషర్ పెరిగి, ముందు నుంచే బలహీనంగా ఉన్న కోర్ పగుల్తుంది. అలాంటి కారుకి కోర్ ఒక్కటే మార్చి ఊరుకుంటే కొత్తది కూడా ఎక్కువ రోజులు నిలబడదు.

వెంటనే చెయ్యడం కుదరకపోతే

లీక్ ఎక్కువగా ఉంటే నడపకండి. 90 డిగ్రీల కూలెంట్ కాళ్ళ మీద పడితే బొబ్బలెక్కుతుంది, ఆవిరి ఒక్కసారిగా అద్దానికి పట్టేస్తే ఎదురుగా ఏముందో కనపడదు. టైమ్ కావాలంటే బైపాస్ చేసెయ్యండి. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ, మనం కూర్చునే చోటికీ మధ్య ఉండే అడ్డుగోడ) దగ్గర కోర్‌కి వెళ్ళే రెండు గొట్టాలు ఊడదీసి, అదే సైజు కనెక్టర్ ముక్కతో రెండిటినీ ఒకదానికొకటి కలిపి క్లాంపులు బిగిస్తే కూలెంట్ కోర్‌లోకి వెళ్ళకుండా తిరిగి వెళ్ళిపోతుంది. హీటర్ పనిచెయ్యదు, అద్దం మీద మంచు ఆవిరి పోగొట్టే వేడి గాలి కూడా రాదు, కాబట్టి చలికాలం దీన్ని నమ్ముకుని ఎక్కువ దూరం పోవద్దు. గొట్టాలకి విడివిడిగా బిరడాలు కొట్టి వదిలెయ్యడం కన్నా ఇలా కలపడమే మంచిది, కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) మూసున్నప్పుడు కూలెంట్ తిరిగే దారి ఇదే.

లీక్ ఆపే పొడులు, ద్రవాలు దొరుకుతాయి, వాటి గురించి చాలామంది అడుగుతారు. నా మాట వినేటట్టయితే వద్దు. కోర్ గొట్టాలు సన్నగా ఉంటాయి కాబట్టి ఆ మందు ముందు మూసేది వాటినే. నిజమే, ఒక్కోసారి లీక్ ఆగుద్ది, కానీ ఆ మిగిలిన చెత్త రేడియేటర్లో, హీటర్ వాల్వ్‌లో పేరుకుని ఇంకో రిపేర్ తెచ్చిపెడుతుంది.

మొదలుపెట్టే ముందు

కార్ని బట్టి పని చాలా మారుతుంది. 1959 నుంచి 2000 దాకా వచ్చిన పాత మినీలో హీటర్ డబ్బా డాష్ కింద కొన్ని బోల్టులకి వేలాడుతూ ఉంటుంది, మధ్యాహ్నంలోగా అయిపోయే పని. అదే వోల్వో 240 లాంటి కార్లలో డబ్బా నడి మధ్యలో ఇరుక్కుని ఉంటుంది, క్లిప్పులతో పట్టిన రెండు చిప్పల్లా ఉంటుంది, అక్కడికి చేరేసరికి ఓపిక మొత్తం అయిపోతుంది. కాబట్టి మీ మోడల్, మీ సంవత్సరం మాన్యువల్ సంపాదించి మొత్తం ఒకసారి చదవండి, మధ్యలో చదవొచ్చులే అనుకోకండి. మొదటిసారి చేసేవాళ్ళు డాష్ విప్పాల్సిన కారుకి రెండు పూర్తి రోజులు పెట్టుకోండి, ఆ రెండు రోజులూ కారుతో అవసరం లేకుండా చూసుకోండి.

కోర్‌తో పాటు ఇవి కూడా ముందే తెచ్చి పెట్టుకోవాలి: కొత్త హీటర్ గొట్టాలు రెండు, కొత్త క్లాంపులు, ఓ-రింగులు ఉండే మోడల్ అయితే అవి, థర్మోస్టాట్, రేడియేటర్ మూత, మీ కారుకి చెప్పిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, ఒక పక్క జిగురుండే స్పాంజ్ టేప్. గొట్టాలు బాగానే ఉన్నాయి కదా అని పాతవే మళ్ళీ పెట్టొద్దు, 15-20 ఏళ్ళ రబ్బరు పైకి బాగున్నట్టే ఉంటుంది, లోపల మెత్తబడిపోయి ఉంటుంది. కొత్త కోర్ వచ్చిన రోజే డబ్బా తెరిచి కొలతలు చూసుకోండి, పైపుల వంపు, పొడవు, మందం. వేరే ఇంజిన్‌కి వచ్చే కోర్ పైకి అచ్చం అలాగే ఉండి పైపు ఒక్కటి అర అంగుళం తేడా ఉండొచ్చు, అది డాష్ విప్పాక తెలిస్తే చాలా బాధ.

కొత్త కోర్‌ని బిగించే ముందే టెస్ట్ చెయ్యండి. ఒక పైపు మూసి, రెండో పైపుకి గొట్టం పెట్టి ఆ చేతి పంపుతోనే 12-15 పిఎస్‌ఐ గాలి కొట్టి బకెట్ నీళ్ళలో ముంచి రెండు నిమిషాలు చూడండి, బుడగ రాకూడదు. కంప్రెసర్ గాలి నేరుగా పెట్టకండి, ఎక్కువైతే మీరే పగలగొట్టినట్టవుతుంది. నా మూడో కారుకి తెచ్చిన కోర్‌లో, పక్క ట్యాంక్ మూలన సూది మొనంత చోట నుంచి వరసగా బుడగలు వచ్చాయి, ఒక్కొక్కటి ఆవగింజంత. డబ్బాలోంచి అప్పుడే తీసిన కొత్త కోర్ అది. ఆ బకెట్ లేకపోతే అది కార్లోకి వెళ్ళిపోయేది.

పనిముట్ల సంగతికొస్తే పెద్దగా ఏం లేదు, సాకెట్ సెట్, పొడుగు ఎక్స్‌టెన్షన్లు రెండు మూడు, ఒక తిరిగే జాయింట్, స్టార్ స్క్రూడ్రైవర్లు పొడుగుది పొట్టిది, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్, ప్లైయర్, తలకి పెట్టుకునే లైటు. వీటన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేవి జిప్ కవర్లు, మార్కర్ పెన్ను, ఫోన్ కెమెరా. ప్రతి భాగం తీసేముందు ఒక ఫోటో, తీశాక ఒక ఫోటో, దాని స్క్రూలు ఒక కవర్లో వేసి పైన "గ్లవ్ బాక్స్ కింద, 3 పొడుగువి 1 పొట్టిది" అని రాయండి. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది పెట్టి బిగిస్తే వెనకాల వైరింగ్‌లోకి దిగిపోతుంది.

కూలెంట్ తియ్యడం, గొట్టాలు ఊడదియ్యడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, అంటే రాత్రంతా వదిలేసిన కారు. సగం నీళ్ళు కలిపిన 50-50 కూలెంట్ 15 పిఎస్‌ఐ మూత కింద సుమారు 129 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది, వేడి మీద మూత తీస్తే ఆ ప్రెషర్ ఒక్కసారిగా పోయి అంతా మరిగి మొహం మీదకి ఎగుస్తుంది. చల్లారాక మూత తీసి, రేడియేటర్ కింద పాన్ పెట్టి డ్రెయిన్ వదలండి. పిల్లలు, కుక్కలు, పిల్లులు దగ్గరికి రాకుండా చూసుకోండి, తియ్యగా ఉంటుంది కాబట్టి జంతువులు తాగేస్తాయి, కొంచెం తాగినా కిడ్నీలు పోతాయి. పాన్ నిండగానే మూత ఉన్న క్యాన్‌లోకి ఒంపి లేబుల్ పెట్టండి, కాలవలోనో మట్టిలోనో పొయ్యకుండా వాడిన ఆయిల్, కూలెంట్ తీసుకునే చోట ఇవ్వండి.

ఫైర్‌వాల్ దగ్గర గొట్టాలు ఊడదీసే ముందు ఏది వచ్చేది ఏది పోయేది అని టేప్ చుట్టి రాసుకోండి. ఇక్కడ తొందరపడేవాళ్ళు ఎక్కువ, ఏళ్ళ తరబడి వేడికి గొట్టం పైపుకి అంటుకుపోయి ఉంటుంది కాబట్టి ప్లైయర్‌తో పట్టుకుని మెలితిప్పుతారు. అలా చెయ్యొద్దు. పైపు సన్నటి ఇత్తడో అల్యూమినియమో అయి ఉంటుంది, మెలిపడి లోపల అతుకు ఊడుతుంది. కోర్ ఎలాగూ పోయిందే కదా అనిపిస్తుంది కానీ కొన్ని కార్లలో ఆ పైపులే కొత్త కోర్‌కి మళ్ళీ వాడాలి. గొట్టాలు ఎలాగూ మారుస్తున్నాం కాబట్టి బ్లేడుతో పొడుగునా ఒక గాటు పెట్టండి, పైపుకి గీత పడకుండా చూస్తూ, తర్వాత తొక్క ఒలిచినట్టు ఊడొస్తుంది.

గొట్టాలు తీసినా కోర్‌లో ఇంకా కూలెంట్ మిగిలి ఉంటుంది. ఒక పైపుకి గొట్టం ముక్క పెట్టి నెమ్మదిగా గాలి పంపితే రెండోదాంట్లోంచి చాలా వరకు వచ్చేస్తుంది, కింద పాన్ పట్టండి. ఆ తర్వాత రెండు పైపులకీ బిరడాలు కొట్టండి. ఇది మర్చిపోతే కోర్ బయటికి లాగేటప్పుడు మిగిలిందంతా కార్పెట్ మీదే.

ఎయిర్‌బ్యాగ్, ఏసీ: ఈ రెండింటితో జాగ్రత్త

బ్యాటరీ నెగెటివ్ తీసేముందు స్టీరియోకి కోడ్ ఉంటే రాసుకోండి, చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసుకోండి. నెగెటివ్ తీశాక మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాలి, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్లో కొంతసేపు కరెంటు నిలవ ఉంటుంది. నేనైతే ఏ కారుకైనా 15 నిమిషాలు ఆగుతాను, ఎలాగూ ఆ టైమ్‌లో సీట్లు తీసెయ్యొచ్చు. పసుపు రంగు కనెక్టర్లు దాదాపు ఎప్పుడూ ఎయిర్‌బ్యాగ్‌వే, వాటిలో మల్టీమీటర్ పుల్లలు పెట్టి చూడకండి. ఊడదీసిన ఎయిర్‌బ్యాగ్‌ని ఒంటికి దూరంగా, బయటికి తెరుచుకునే వైపు అవతలికి ఉండేలా పట్టుకోండి, కింద పెడితే ఆ వైపు పైకి ఉండాలి. పని జరిగేటప్పుడు మధ్యలో బ్యాటరీ పెట్టి కీ తిప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది. స్టీరింగ్ తీస్తే లోపల చుట్టలా ఉండే కేబుల్ భాగం తిరగకుండా టేప్ వెయ్యండి.

ఏసీ ఉన్న కారైతే ముందు ఒక్క విషయం చూడండి, కోర్ తియ్యాలంటే డబ్బా మొత్తం బయటికి రావాలా లేక పక్క మూత విప్పితే జారి వస్తుందా. చాలా కార్లలో డబ్బా బోల్టులు వదులు చేసి నాలుగు వేళ్ళంత వెనక్కి లాగితే ఏసీ పైపులు ముట్టుకోకుండానే పని అయిపోతుంది. అలా కుదరకపోతే గ్యాస్ మెషిన్‌తో తీయించాలి, పైపు వదులు చేసి గాల్లోకి వదిలెయ్యకూడదు, చాలా దేశాల్లో అది నేరం, పైగా కంటికి తగిలితే గడ్డకట్టించేస్తుంది. గ్యాస్ లైను విప్పితే తిరిగి బిగించేటప్పుడు కొత్త ఓ-రింగులు, గ్యాస్‌లో తేమ పీల్చే డ్రయర్ కొత్తది వెయ్యాలి. ఇవన్నీ ముందే లెక్కలో ఉంచుకోండి.

డాష్‌బోర్డ్

దీని గురించి ఇక్కడ అడుగడుగునా రాయడం కుదరదు, ప్రతి కారుకీ వేరు. మామూలుగా ముందు మధ్య కన్సోల్, తర్వాత గ్లవ్ బాక్స్, స్టీరియో, హీటర్ కంట్రోళ్ళు, మీటర్ల ప్యానెల్, స్టీరింగ్ కాలమ్ కిందికి దించడం, ఆఖరికి డాష్ పెద్ద ముక్క. ముందు సీట్లు రెండూ తీసెయ్యండి, నాలుగేసి బోల్టులే, సీటు కింద కనెక్టర్లు ఉంటే అవీ తీసి. సీట్లున్న కార్లో ముడుచుకుని పడుకుని పనిచేస్తే మధ్యాహ్నానికి నడుం పట్టేసి తొందర మొదలవుతుంది, తొందరలో విరుగుతాయి.

డాష్ రావట్లేదంటే దాదాపు ఎప్పుడూ ఎక్కడో ఒక స్క్రూ మిగిలే ఉంటుంది, లాగకండి. పాత ప్లాస్టిక్ ఎండలో ఎండి పెళుసెక్కి ఉంటుంది. అద్దం అంచు కింద, రెండు తలుపులు తెరిస్తే పక్కన కనపడే మూతల వెనక, అలారం స్టిక్కర్ల కింద, స్పీకర్ జాలీ కింద ఇలాంటి చోట్ల దాక్కుంటాయి. నేను ఒకసారి గంటసేపు వెతికాను, ఆఖరికి అది యాష్‌ట్రే వెనక మసిపట్టి నల్లగా కలిసిపోయి ఉంది. చలిగా ఉంటే కారుని కాసేపు ఎండలో పెట్టి అప్పుడు క్లిప్పులు విప్పండి, విరగడం బాగా తగ్గుతుంది.

కేబుళ్ళతో నడిచే హీటర్ కంట్రోల్ అయితే ప్రతి కేబుల్ ఏ రంధ్రంలో, క్లిప్ ఏ గీత దగ్గర ఉందో మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఆ గుర్తు లేకపోతే తర్వాత నాబ్ పూర్తి వేడి వైపు తిప్పినా లోపల తలుపు సగమే తెరుచుకుంటుంది, కొత్త కోర్ వేసినా వేడి రావట్లేదేంటని తల పట్టుకోవాల్సొస్తుంది.

డబ్బా తెరిచాక

అప్పుడు కనపడుతుంది అసలు సంగతి. నేను చూసిన వాటిలో, లీకైన మూల దగ్గర పచ్చటి పొడి గడ్డకట్టి ఉంది, రెక్కల మధ్య ఏళ్ళనాటి దుమ్ము తడిసి గుడ్డలా పట్టేసి ఉంది, డబ్బా అడుగున చెంచాడు జిగట ద్రవం. కోర్‌ని వంచకుండా, పైపులు ఫైర్‌వాల్ రంధ్రంలోంచి తిన్నగా వచ్చేలా తియ్యండి, కింద పాత దుప్పటి పరిచి.

డబ్బా తెరిచిన ఈ గంటే అసలైన అవకాశం, మళ్ళీ పదేళ్ళ దాకా దీన్ని ఎవరూ తెరవరు. సబ్బు నీళ్ళతో లోపలంతా కడిగి ఆరబెట్టండి, లేకపోతే మిగిలిన కూలెంట్ వాసన నెలల తరబడి వస్తూనే ఉంటుంది, లీక్ ఇంకా ఉందేమో అని అనుమానం. ఎవాపరేటర్ కనపడితే మెత్తటి బ్రష్‌తో దుమ్ము తియ్యండి, కింద నీళ్ళు పోయే రంధ్రంలో నీళ్ళు పోసి చూడండి. వేడి చల్లదనం కలిపే తలుపుని చేత్తో అటూ ఇటూ తిప్పండి, ఇరుసు దగ్గర పగులు ఉందేమో చూడండి. దాని మీద ఉండే స్పాంజ్ ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది, గాలి వచ్చే చోట్ల నుంచి డాష్ మీద నల్లటి నలకలు పడుతుంటే అవి ఇవే. మొత్తం గోకేసి కొత్త స్పాంజ్ టేప్ అంటించండి. కోర్ చుట్టూ కూడా స్పాంజ్ కావాలి, అది లేకపోతే గాలి కోర్ మీదుగా పోకుండా పక్క సందుల్లోంచి పోతుంది, కోర్ కూడా డబ్బాకి రాసుకుని అరిగిపోతుంది.

కొత్త కోర్ పెట్టేముందు ఇంజిన్ వైపు హీటర్ లైన్లని మామూలు నీళ్ళతో తక్కువ ఒత్తిడితో రెండు వైపులా కడగండి, తెల్లగా వచ్చేదాకా. పాత తుప్పు, బురద కొత్త కోర్ సన్న గొట్టాల్లోకి వెళ్ళి మూసెయ్యకుండా ఇదే ఆపేది. ఆఖరిగా డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి.

ఓ-రింగులకి కొంచెం కొత్త కూలెంట్ రాసి తడిగా పెట్టండి, గ్రీజు, ఆయిల్ వద్దు, కొన్ని రబ్బర్లు ఆయిల్‌కి ఉబ్బిపోతాయి. పైపుని వంకరగా తొయ్యకుండా తిన్నగా చేత్తోనే లోపలికి దించి, అది పూర్తిగా కూర్చున్నాకే స్క్రూ బిగించండి. స్క్రూ బిగుసుకుంటూ పైపుని లాక్కుంటుందిలే అని వదిలేశాను నేను, ఆ ఓ-రింగ్ నలిగింది సరిగ్గా అలాగే.

మూసేముందు ప్రెషర్ టెస్ట్

డబ్బా కార్లో బిగించి, ఫైర్‌వాల్ దగ్గర గొట్టాలు కొత్త క్లాంపులతో పెట్టాక, డాష్ ముట్టుకోకుండా ఆగండి. సిస్టమ్‌లో డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ పోసి, ఆ ప్రెషర్ టెస్టర్ మళ్ళీ పెట్టి మూత మీదున్న ప్రెషర్ వరకు కొట్టి వదిలెయ్యండి. అరగంట. ముల్లు కదలకూడదు. ఈ టెస్ట్‌కి ఇంజిన్ స్టార్ట్ చెయ్యక్కర్లేదు, బ్యాటరీ పెట్టక్కర్లేదు, అందుకే డాష్ విప్పి ఉండగానే చెయ్యొచ్చు. పైపు అతుకుల కింద పొడి టిష్యూ పెట్టి ఉంచండి, కంటికి కనపడని తడి కూడా దాని మీద తెలుస్తుంది. నేనైతే ఆ అరగంట అయ్యాక ప్రెషర్ అలాగే ఉంచి భోంచేసి వచ్చి మళ్ళీ చూస్తాను. అప్పుడు కూడా టిష్యూ పొడిగా ఉంటేనే డాష్ మీద చెయ్యి వేస్తాను.

తిరిగి బిగించడం గురించి చెప్పేది తక్కువే, ఫోటోలు వెనక నుంచి ముందుకి చూసుకుంటూ పోవడమే. అన్ని కనెక్టర్లు పెట్టామా, వైరింగ్ ఎక్కడా డాష్ కింద నలగట్లేదా చూసుకుని, ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లన్నీ పెట్టిన తర్వాతే బ్యాటరీ. స్టీరింగ్ కాలమ్, సీటు బోల్టులు మాత్రం టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న లెక్కకి బిగించండి, అక్కడ అందాజా పనికిరాదు.

గాలి తియ్యడం

హీటర్ నాబ్ పూర్తి వేడికి పెట్టండి, లేకపోతే వాల్వ్ ఉన్న కార్లలో కోర్‌లోకి కూలెంట్ వెళ్ళదు. కారు ముందు భాగం కొంచెం ఎత్తులో ఉండేలా నిలిపి, మూత దగ్గర గరాటు పెట్టి నెమ్మదిగా నింపండి, గాలి వదలడానికి బ్లీడ్ స్క్రూ ఉంటే బుడగలు ఆగి ధారగా వచ్చేదాకా తెరిచి ఉంచండి. తర్వాత ఐడిల్‌లో ఉంచి పై గొట్టాన్ని చేత్తో నొక్కుతూ వదుల్తూ ఉంటే గుడగుడమని గాలి బయటికొస్తుంది, లెవెల్ పడిపోతుంది, మళ్ళీ పొయ్యండి. థర్మోస్టాట్ తెరుచుకుంటే రేడియేటర్ కింది గొట్టం కూడా వేడెక్కుతుంది. ఫైర్‌వాల్ దగ్గర రెండు హీటర్ గొట్టాలూ ముట్టుకుంటే వేడిగా ఉండాలి, ఒకటి కాలుతూ ఇంకోటి చల్లగా ఉంటే లోపల గాలి ఉన్నట్టో, మూసుకుపోయినట్టో. టెంపరేచర్ ముల్లు మీద కన్నేసి ఉంచండి, మామూలు కన్నా పైకి పోతే వెంటనే ఆపెయ్యండి.

పాత కోర్ ఎందుకు పోయిందో కనుక్కోండి

ఇది చాలామంది వదిలేస్తారు, ఆ తర్వాత కొత్త కోర్ కూడా ఏడాదికో రెండేళ్ళకో పోయి నాసిరకం పార్ట్ అని తిట్టుకుంటారు. కూలెంట్‌లో తుప్పు ఆపే మందులు కాలంతో అయిపోతాయి, పాతకాలం పచ్చ కూలెంట్‌కి మామూలుగా 2 ఏళ్ళు, కొత్త రకం ఆర్గానిక్ కూలెంట్లకి 5 ఏళ్ళ దాకా అంటారు. రంగు చూసి రకం నిర్ణయించకండి, కంపెనీకో రంగు, మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ చూడండి, రెండు రకాలు కలపకండి.

ఇంకోటి కరెంటు. ఇంజిన్‌కి, బాడీకి మధ్య ఎర్త్ తీగ సరిగ్గా లేకపోతే కరెంటు కూలెంట్‌లోంచి దారి వెతుక్కుంటుంది, అలా వెళ్ళే దారిలో సన్నగా ఉండే కోర్‌ని తినేస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, మల్టీమీటర్ డీసీ వోల్టులకి పెట్టి, నల్ల పుల్ల బ్యాటరీ నెగెటివ్‌కి, ఎర్ర పుల్ల మొన ఎక్కడా లోహానికి తగలకుండా కూలెంట్‌లో ముంచండి. స్టార్ట్ చేసి లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి చూడండి. 0.3 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే ఆలోచించాల్సిందే. అన్నీ ఆపేసినా ఉంటే కూలెంట్ పాడైనట్టు, ఏదో ఒక స్విచ్ వెయ్యగానే పెరిగితే దాని ఎర్త్ సరిగ్గా లేనట్టు. కోర్ మార్చేటప్పుడు ఇంజిన్ ఎర్త్ తీగలు విప్పి, చివర్లు మెరిసేదాకా ఎమ్రీ పేపర్‌తో రుద్ది బిగించడం పది నిమిషాల పని.

కార్పెట్, అద్దం

కార్పెట్ పైన ఆరినట్టే ఉంటుంది, కింద ఉండే దళసరి స్పాంజ్‌లో మాత్రం కూలెంట్ నిలవ ఉండిపోతుంది, గ్లైకాల్ నీళ్ళలా ఆవిరైపోయేది కాదు. సీట్లు ఎలాగూ తీసే ఉన్నాయి కాబట్టి కార్పెట్ లేపి, గోరువెచ్చటి నీళ్ళు పోసి తడి పీల్చే వాక్యూమ్‌తో లాగండి, నీళ్ళలో రంగు కనపడనంత వరకు మూడు నాలుగుసార్లు. కింద ఇనప నేల తుప్పు పట్టిందేమో, అక్కడే ఉండే వైర్ కనెక్టర్లలో పచ్చటి పొడి ఉందేమో చూసుకోండి. పూర్తిగా ఆరాకే సీట్లు పెట్టండి. అద్దం మీద జిడ్డు ఒక్కసారికి పోదు, ముందు గిన్నెల సబ్బు నీళ్ళతో, తర్వాత గ్లాస్ క్లీనర్‌తో, ప్రతిసారీ కొత్త గుడ్డ తీసుకుని తుడవండి. అదే గుడ్డ మళ్ళీ వాడితే జిడ్డు అటునుంచి ఇటు పూసినట్టవుతుంది.

మొదటి వారం రోజూ పొద్దున చల్లటి ఇంజిన్‌లో లెవెల్ చూసి, ట్యాంక్ మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. మొదటి రెండు మూడు రోజులు కొంచెం తగ్గడం మామూలే, మిగిలిన గాలి బయటికొస్తుంది. నాలుగో రోజు నుంచి గీత కదలకూడదు. అలాగే డ్రైవర్ పక్క సీట్ ముందు, కార్పెట్ పైకి మడత పడే మూలలో ఒక టిష్యూ దోపి ఉంచి రెండు రోజులకోసారి తీసి చూస్తూ ఉండండి.